పట్టుకోని కళ్ళెం

ఆదోని, మంగళవారం

స్నేహితురాలు ఉరుకుందమ్మకు పద్మాబాయి నమస్కారాలు.

హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం గానీ, నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోను చేస్తే నువ్వు అరుస్తావు, నేను మాట మింగేస్తాను. అందుకే చివరికి కలం పట్టాను.

ఆదివారం గుర్రాల దూరపు సవారీ పందెం మా వీధి మీదుగానే ఎమ్మిగనూరుకు పోయింది. వాన దంచుతోంది. మీ ఆయన కాశప్పన్న మా గుమ్మం ముందు దిగి, "అమ్మా, జీను జారతాంది. రవ్వంతసేపు కళ్ళెం పట్టుకో" అన్నాడు. నేను "మడిలో ఉన్నాను" అని వెనక్కి జరిగాను. అంతలో ఫెళ్ళున ఉరిమింది. మీ గుర్రం ముత్యాలు ఒక్కతే పరుగెత్తింది. వెనకాలే అన్న. తరువాత ఏమైందో తెలియక నాకు అన్నం సహించడం లేదు.

ఇట్లు,
నీ పద్మ

తా.క. అన్న చెప్పు ఒకటి మా వాకిట్లోనే ఉంది. కడిగి పెట్టాను.

ఎమ్మిగనూరు, శుక్రవారం

పద్మకు ఉరుకుంది రాసేదేమంటే,

ఏమైందా? పదకొండు గుర్రాల్లో మా ముత్యాలే ముందర వచ్చింది మే! జనమంతా ఈలలు. పెద్దమనుషులు దండేసినారు. అప్పుడు చూస్తే పైన మనిషి లేడు. ఆయప్ప గంట తర్వాత షేర్ ఆటోలో దిగినాడు, ఒంటి చెప్పుతో. గుర్రం, మనిషి కలిసి గీత దాటాలంట. పందెంలోనుంచి పేరు కొట్టేసినారు.

ముత్యాలుకు పద్దెనిమిదేండ్లు, గుర్రానికి అది ముసలితనమే. ఈ ఒక్కసారి దాని మీద కూర్చోని మనూరోళ్ళ ముందర గీత దాటాలని ఏడాదంతా దాన్ని తిప్పినాడు. ఇప్పుడు గోడపక్కకు తిరిగి పండుకున్నాడు.

మడియంట! చెప్పు ముట్టుకుంటివి, కళ్ళెం ముట్టుకోలేకపోతివా? మాది ముట్టుకుంటే మైల అనుకుంటివి, ఆ మాట చెప్పరాదా?

ఉంటా,
ఉరుకుంది

తా.క. దండ గుర్రమే తినేసింది. బాగుపడింది అదొక్కటే.

ఆదోని, సోమవారం

ఉరుకుందమ్మకు,

ఆ మాట అనకే. కళ్ళనీళ్ళు వచ్చాయి. నైవేద్యం అయ్యేదాకా కన్నబిడ్డనైనా ముట్టుకోను. మా ఆయన భీమసేనరావుగారు ఎదురొచ్చినా పక్కకు జరగమంటాను. చెప్పు కడిగింది సాయంత్రం, పూజ అంతా అయ్యాక.

నన్ను తప్పుగా అనుకోవద్దని వేడుకుంటూ,
పద్మ

తా.క. కావాలంటే మా ఆయన్ను అడుగు. ముప్ఫై ఏళ్ళుగా పక్కకు జరుగుతూనే ఉన్నారు.

ఎమ్మిగనూరు, గురువారం

పద్మా,

తప్పైంది మే, నోరు జారితిని. నీ ఉత్తరం ఆయప్పకు సదివి చెప్తిని. దిగ్గున లేసి కూర్చున్నాడు. "దేవుని పనిలో ఉండే తల్లి మీదికి గుర్రాన్ని తోలుకోని పోతినే, అందుకే ఉరిమింది" అని లెంపలేసుకున్నాడు. బీడీలు మానేసినాడు. వచ్చే గురువారం మంత్రాలయానికి నడిచి పోతాడంట, తప్పు చెప్పుకునేకి. ముత్యాలు మీద ఇంక ఎక్కడంట. గోనెగండ్లలో మా తమ్మునికి ఇచ్చేస్తాడంట. అదేమో జీను కోసరం వాకిలి కాడ నిలబడుకోనుంది.

మనసులో పెట్టుకోవాకు,
ఉరుకుంది

తా.క. ఒకటడగల్ల. ఆ ఆదివారానికి మూడు దినాల ముసురు గదా, నీ మడిచీర ఎట్ల ఆరింది? ఈడ మా బట్టలన్నీ ముక్కవాసన.

ఆదోని, శనివారం

ఉరుకుందీ,

ఆరలేదే.

ఆ రోజు నా మడిచీర దండెం మీద నీళ్ళు కారుతూనే ఉంది. మడికి పట్టుచీరైనా కట్టుకోవచ్చు, కట్టుకోలేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగేశాను. ముత్యాలు నా వైపు ముక్కు చాచి పళ్ళు చూపింది. భయమేసింది. యాభై ఏళ్ళదాన్ని, భయమని చెప్పడానికి సిగ్గేసి మడి అన్నాను. నా పిరికితనానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

అన్నను నడవనీయకు. తప్పు నాదని నువ్వే నోటితో చెప్పు. మంత్రాలయానికి నేను నడుస్తాను. ముత్యాలును ఎక్కడికీ పంపనీయకు. వచ్చే ఏడాదికి దానికి ఓపిక ఉంటుందో లేదో. ఉంటే మా గుమ్మం ముందు నేనే కళ్ళెం పట్టుకుంటాను. లేకపోతే, ఆ ఆదివారాన్ని నేను మీకు తిరిగి తెచ్చివ్వలేను.

ఏ మడీ లేని,
పద్మ

తా.క. ఎదురింటి ఎల్లప్ప మేక తాడు రోజూ కాసేపు పట్టుకుంటున్నాను. నిన్న కళ్ళు తెరిచే పట్టుకున్నాను. ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో, ఎవరికీ చూపకు. మా ఆయనకు అసలే చూపకు. ముప్ఫై ఏళ్ళలో నిజంగా మడిలో ఉన్నది ఎన్ని రోజులని అడుగుతారు.