బుధవారం ఫోన్ మోగితే

బెంగళూరు

అక్కకు, ఎస్తేరు వందనాలు. దేవుని దయవల్ల నాయన, బావ, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? సూడి బర్రె ఈనిందా? మొన్న ఫోన్‌లో అడుగుదామంటే నువ్వు పాలకేంద్రం గొడవ ఎత్తుకున్నావు, మిగతావన్నీ అందులో కొట్టుకుపోయాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. నాయనకు ఫోన్‌లో సగమే వినపడుతుంది, మిగతా సగం ఊహించుకుని దిగులుపడతాడు. పైగా ఇప్పుడు చెప్పాల్సింది నేను ప్రతి ఆదివారం చేసే ఫోన్ గురించే. అమ్మ ఒంగోలు ఆసుపత్రిలో పోయిన కబురు ఫోన్‌లో వచ్చినప్పటి నుంచి, ఆదివారం కాని రోజున ఫోన్ మోగితే నాయన దాన్ని ముట్టుకోడు, భయపడి నిన్ను కేకేస్తాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తొందరపడకుండా మొదటి నుంచి చదివి వినిపించు.

ఇక్కడ ముసురు పట్టింది. మనం వాన కోసం మొగం వాచి ఉంటే, ఇక్కడివాళ్లు బట్టలు ఆరడం లేదని దాన్ని తిట్టుకుంటున్నారు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. మొదట్లో వంటామె చెయ్యి జారిందనుకున్నాను, రోజూ జారుతోంది. గిద్దలూరు నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త పండుమిరప కారం పంపించు. చర్చిలో పాటలు కన్నడంలో పాడతారు, రాగాలు మాత్రం మనవే. అందరితో కలిసి పాడుతున్నట్టు నోరు కదుపుతూ మన మాటలే పాడుకుంటాను. అప్పుడు మాత్రం మీరు బాగా గుర్తొస్తారు అక్కా.

ఇక నీ గొడవ. పాలకేంద్రంలో మిషన్ సున్నా ఫ్యాట్ చూపించిందని పాలు వెనక్కి ఇచ్చారన్నావు. "నీళ్లకైతే సున్నా వస్తాది, మన బర్రె పాలకు సున్నా ఏందే? నువ్వు కంప్యూటర్ చదివినావు కదా, చెప్పు" అని నన్ను నిలదీశావు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. వాళ్ల మిషన్‌లో ఏముందో నాకు తెలియదు. కానీ మేము తయారుచేసే దాంట్లో వెతికితే అచ్చం అలాంటి సున్నాయే దొరికింది.

మా పనేమిటని నాయన ఎప్పుడూ అడుగుతాడు కదా. వివరాలన్నీ దాచి ఉంచే చోటును డేటాబేసు అంటారు. దాన్ని ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకునే పద్ధతిని మేము తయారుచేస్తాం. మా పద్ధతిని వాడుకుని వేరే కంపెనీలవాళ్లు తమ ప్రోగ్రాములు రాసుకుంటారు. ఫలానా రైతు పాలల్లో ఫ్యాట్ ఎంత అని అడిగితే, ఉన్న అంకె ఇస్తుంది. అసలు కొలిచే ఉండకపోతే? అప్పుడూ సున్నాయే ఇస్తుంది! కొలిస్తే సున్నా రావడం వేరు, కొలవకపోవడం వేరు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే.

మా టీమ్ పెద్ద శాలిని గారికి చూపించాను. మంచి మనిషి, విసుక్కోదు. జవాబు లేనప్పుడు సున్నా బదులు మైనస్ ఒకటి ఇద్దాం, పేరు పాతదే ఉంచుదాం, ఎవరి ప్రోగ్రామూ ఆగదు అంది. మార్పు సంగతి కొత్త వెర్షన్‌తో పంపే కాగితంలో రాస్తాం కదా అని కూడా అంది. అందరూ తలలూపారు. నేను ఊపలేకపోయాను. ఆ కాగితం చదవనివాళ్లు పాత పేరుకు పాత అర్థమే అనుకుంటారు కదా. చేరి ఏడాదైనా కాలేదు, పెద్దవాళ్ల మధ్య ఎలా మాట్లాడాలో తెలియలేదు. మన గంట సంగతి గుర్తొచ్చి అదే చెప్పేశాను.

నీకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది? మన చర్చి గంట గబగబా మోగితే ప్రార్థన, ఆగి ఆగి ఒక్కొక్క దెబ్బ మోగితే చావు. కొత్తగా వచ్చిన పాస్టరయ్యకు ఆ గబగబా మోత నచ్చలేదు. ఇక నుంచి ప్రార్థనకు నెమ్మదిగా కొడదామని ఆదివారం చర్చిలో చెప్పాడు. ఆ ఆదివారం సగం ఊరు కందికోతలో ఉంది. మరునాడు సాయంత్రం గంట ఆగి ఆగి మోగింది. నాయన జ్వరంతో పడి ఉన్న రోజులవి. నువ్వు కొడవలి పారేసి, చెప్పులైనా వేసుకోకుండా పొలం నుంచి పరుగెత్తుకొచ్చావు. నాయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నిన్ను చూసి "ఎవురు పోయినారే?" అని అడిగాడు. నువ్వు ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చావు.

శాలిని గారు కథంతా విన్నది. తర్వాత, మరి ఆ గంటను ఏం చేశారని అడిగింది. ఆగి ఆగి కొట్టే గంటను పాత అర్థానికే వదిలేసి, ప్రార్థనకు మైకులో పాట పెట్టారని చెప్పాను. మనమూ అంతే చేద్దాం అంది.

ఇప్పుడు కొత్త ప్రశ్నకు కొత్త పేరు పెట్టాం. దాని జవాబు అంకె కావచ్చు, "లేదు" కావచ్చు. లేనప్పుడు ఏం చెయ్యాలో వాడుకునేవాళ్లు రాయకపోతే వాళ్ల ప్రోగ్రాం తయారే కాదు. తప్పును మొదట్లోనే ఆపేస్తుంది, పాలు వెనక్కి పోయేదాకా రానివ్వదు. దీన్నే టైప్ సేఫ్టీ అంటారు. పాత పేరు కూడా కొన్నాళ్లు పనిచేస్తుంది, కానీ వాడినప్పుడల్లా కొత్తదానికి మారమని గొణుగుతుంది. నువ్వూ పాలకేంద్రంలో అడుగు, మిషన్ కొలిచిందా, కొలవలేదా అని. కొలవకపోతే మళ్లీ పెట్టమను.

ఇంత చేశాక కొత్తదానికి మారేవాళ్లకు సాయంగా ఆదివారాలు ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. నోరు తెరిచింది నేనే కాబట్టి నన్నే కూర్చోమన్నారు! పొద్దున చర్చికి పోయి వస్తాను, ఆ తర్వాత తీరిక ఉండదు. అందుకని ఇక మీదట బుధవారం సాయంత్రం, నువ్వు పాలు పోసి వచ్చే వేళకు ఫోన్ చేస్తాను. నాయనకు అలవాటయ్యేదాకా ఆదివారం కూడా చర్చి నుంచి బయటికి రాగానే ఒక్క నిమిషం చేస్తాను. పాతది ఒక్కసారిగా ఆపను.

బావకు, పాస్టరయ్యకు, వీధిలో పెద్దలందరికీ నా వందనాలు. నాయన చెయ్యి నా తల మీద ఉన్నట్టే అనుకుని పనికి పోతున్నాను, నా కోసం ప్రార్థన చెయ్యమను. ఈ కింది రెండు మాటలు మాత్రం నాయన చెవి దగ్గర గట్టిగా చదువు.

నాయనా, బుధవారం ఫోన్ మోగితే భయపడాకు. ఎవురూ పోలేదు, నేనే.

నీ చిన్నకూతురు,
ఎస్తేరు