గట్టెక్కిన ట్యాంకులు

2002 ఆగస్టు, శనివారం

ఈరోజు నావల్లే ఓడిపోయాం. నెట్ సెంటర్లో ట్యాంకుల యుద్ధం ఆడుతూ, నా ట్యాంకులు రెండింటినీ మట్టిగట్టు పైకి ఎక్కించి నిలబెట్టాను. భీమవరంలో మా చేపల చెరువుకి కాపలా ఉన్నప్పుడు నాన్న నేర్పింది అదే. గట్టెక్కితే నాలుగు దిక్కులూ కనబడతాయి. నాలుగు దిక్కులకీ మనమూ కనబడతామన్నది నాకు తట్టలేదు. చెరువు దగ్గర మనల్ని కాల్చేవాళ్లు ఎవరూ ఉండరు కదా. నిమిషంలో రెండూ తగలబడిపోయాయి.

"ఏంట్రా, గట్టెక్కి చేపలకి మేత వేస్తున్నావా?" అన్నాడు మా జట్టుని నడిపే మురళి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాడే నెమ్మదిగా, "రేపటి పోటీకి నీ బదులు రమేష్‌ని తీసుకుంటాంలే. ఏమీ అనుకోకు" అన్నాడు.

రాజమండ్రి వచ్చి రెండు నెలలైంది. ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేది మురళి వాళ్లే.

వాళ్లు వెళ్లిపోయాక నేనొక్కణ్ణే కంప్యూటర్‌తో మళ్లీ ఆడాను. ఈసారి ట్యాంకుల్ని గట్టు వెనక ఉంచి, ఫిరంగి మాత్రమే పైకి వచ్చేలా కొంచెం కొంచెంగా జరిపాను. ఒదగడం అంటే ఇదే అనిపించింది. ఎంత మంచి మాట! దాక్కోవడం కాదు, ఉన్న చోటులో సరిగ్గా ఇమిడిపోవడం. అవతలి ట్యాంకులు ఒక్కొక్కటే వచ్చి పేలిపోయాయి. నావి ఒక్కటీ పోలేదు.

చూశావా అందామని పక్కకి తిరిగాను. మురళి కుర్చీలో ఎవరో అమ్మాయి మెయిల్ రాసుకుంటోంది.

రేపు పదింటికి పోటీ. ఆ వేళకి రూములో కూర్చోలేను. వెళ్లి వాళ్ల వెనక నిలబడి చూద్దామంటే, ఎందుకొచ్చావని అడుగుతారేమో…