తలుపుకు తగిలించిన పొరక

లక్ష్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు చెప్పాల్సిన సంగతొకటి ఉండాది.

సండూరు గనిలో మిషను బిగించేకి వచ్చిన జర్మనీ ఇంజనీరును మా ఆయన నిన్న భోజనానికి పిల్చుకొచ్చినాడు. వాళ్లది బాడెన్-వుర్టెంబర్గ్ అనే రాష్ట్రమంట. కార్లు, గడియారాలు చేసే ఫ్యాక్టరీలు, కొండల మీద ద్రాక్షతోటలు, ఎండ చొరబడని అడవి. పని లేనోడు అరుదంట.

"అంత ఉన్నోళ్ల ఇండ్లల్లో కసువు ఎవరూడుస్తారో అడగండి" అంటి మా ఆయనతో.

ఆ జర్మనీ ఆయప్ప నవ్వినాడు. "మా అమ్మే. ఒకే మిద్దెలో శానా ఇండ్లుంటాయి, మెట్లు అందరివీ కదా, వారానికొకరి వంతు. ఎవరి వంతయితే వాళ్ల తలుపుకు 'ఈ వారం ఊడ్చే వంతు మీదే' అని రాసిన పలక తగిలిస్తారు" అన్న్యాడు.

నాకు నువ్వే కనిపిస్తివి. మన వఠారం ఊడ్చే వంతు నాదైనప్పుడు నా తలుపుకు పొరక తగిలిస్తాంటివే! పరువు తీసినావని నీతో నెల్లాళ్లు మాట్లాడకపోతిని. నువ్వు పోయినాక ఎవరూ తగిలించల్యా, ఎవరూ సరిగా ఊడ్చల్యా.

ఈ పొద్దు నా తలుపుకు నేనే పొరక తగిలించుకుంటి. అందరూ చూసినంక వీధి దాకా ఊడ్చినా. రేపు ఎదురింటి శాంతమ్మ తలుపుకు తగిలిస్తా. నెల్లాళ్లు మాట్లాడకుంటే మాట్లాడకపోనీ.