పలక ఎవరిదో తేల్చేశాను

ఏమేవ్, పాలు కాచాను, చల్లారాక మూత పెట్టు. కోడలు నాకు కొనిచ్చిన, పుస్తకాలు చదువుకునే కరెంటు పలక బల్ల మీద ఉంది. షాపుకి తిరిగివ్వడానికి ఈరోజే గడువు. "ఉంచుకుంటారా లేదా, తేల్చండి మామయ్యా" అని పొద్దున్నుంచి నా ప్రాణం తోడేసింది.

లావు నవల కొనగానే కత్తితో నడిమికి కోసి చెరో సగం చదివే మొగుడూపెళ్లాలం మనం. పలకని ఎలా కొయ్యను? వద్దనే చెబుదామనుకున్నాను. కానీ నా ముందు సగం అయిపోయి నెలైంది. నువ్వు లాక్కున్న వెనక సగం మాత్రం ఒకే పేజీలో ఆగిపోయింది. అడిగితే "నిదానంగా చదువుతున్నా, మీకేం తొందర?" అంటావు. కళ్లు ఆనడం లేదని చెబితే నీ సొమ్మేం పోయింది?

అందుకే పలక ఉంచేస్తున్నాం. అది నీది! ఆ నవల మొత్తం అందులోకి ఎక్కించి అక్షరాలు పెంచాను. ఒక్కోటి గుమ్మడికాయంత ఉంది. మొదటి మాట పూర్తిగా కనబడాలంటే వీధి చివరిదాకా వెనక్కి నడవాల్సి వచ్చింది, ఒట్టు!

నీ సగం పట్టుకుని పార్కుకి పోతున్నాను. ఆ నవలలో విషం పెట్టిందెవరో తెలియక పిచ్చెక్కిపోతోంది.

ఇంకోటి. నువ్వు ఎన్నో పేజీలో ఉన్నావో ఆ పలకే చూపిస్తుందట. ఇక నా దగ్గర దొంగాటలు సాగవు, చదువు.