పొట్టి చెయ్యి చొక్కా

నాయనా,

మరిదివే అయినా నా చేతి ముద్ద తిని పెరిగినవాడివని చనువుగా రాస్తున్నాను.

నీ పెళ్ళి చొక్కాకు మీ అన్నయ్య ఒక చెయ్యి పొట్టిగా కుట్టారని నువ్వు ఆయనతో మాటలు మానేసి ఏడాది దాటింది. నీ తర్వాత ఇంకో ఏడుగురి చొక్కాలూ అదే తప్పుతో వెనక్కి వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా టేపు మెడలో వేసుకున్న దర్జీకి చూపు ఆనడం లేదనుకుని మూడుసార్లు కళ్ళజోడు మార్పించాను. తప్పు కళ్ళది కాదట. తలలో గడ్డ లేచి ఎడమవైపు చూపు పోయిందట.

తల ఆపరేషన్ చేసే డాక్టరు ఇక్కడికి రెండు నెలలకోసారి వస్తారు. "పెద్దవాళ్ళకి చాలా అరుదుగా వచ్చే గడ్డమ్మా ఇది. ఇక్కడ నేను ముట్టుకోలేను" అని పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ మన వంతు రావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా మాట ఉంటుందో లేదో చెప్పలేనన్నారు.

ఇప్పటికే మాట తడబడుతోంది. నీతో గొడవ సంగతి ఆయనకు గుర్తే లేదు. "తమ్ముడికి చొక్కా కుదిరిందా?" అని రోజూ అడుగుతున్నారు.

ఈ ఆదివారం ఆ చొక్కా తొడుక్కుని రా. ఆయనకు కుడివైపున కూర్చుని, కుదిరిందని చెప్పు. ఆ పొట్టి చెయ్యిని మాత్రం కిందికి లాక్కోకు, కనిపెట్టేస్తారు.

మీ వదిన