మా అత్తగారు పక్షి కాదని మనవి

పక్షి సంరక్షణాధికారి గారి సముఖమునకు, బువూలా గ్రామ కాఫీ రైతు ఇరినేయో ముసిసి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా తోట దారిని తెరిపించి, మా అత్తగారిని పక్షుల లెక్కలోంచి తీసివేయుట గురించి.

1. అల్లుడూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకోరాదన్న మన ఆచారం తమకు తెలియనిది కాదు. చూచినచో చేతులకు వణుకు రోగం వచ్చును. మా ఇరువురి తోటలకూ అడవి అంచున ఉన్నది ఒకటే దారి. కావున ఆమె వచ్చునపుడు "కూ...వూప్" అని కూత వేయును. నేను "హూ, హూ" అని బదులిచ్చి అరటి చెట్ల చాటున దూరుదును. పెళ్ళైన నాటి నుంచి మా కాపురం ఈ విధంగా సలక్షణంగా సాగుచున్నది.

2. మొన్నటి వానల్లో తమ సిబ్బంది పక్షుల అరుపులు పట్టుటకై అక్కడి ఒక చెట్టుకు రికార్డరు పెట్టె కట్టినారు. సంతోషం. అది పక్షులను వదిలేసి మమ్మల్ని పట్టినది. ఎన్నడూ ఎరగని అరుదైన పక్షుల జంట ఇచట గూడు కట్టుచున్నదని బోర్డు పెట్టి, దారి మూసినారు. గూడు! నేనూ, మా అత్తగారూనా! అయ్యా, ఊళ్ళో తలెత్తుకోలేకున్నాను.

3. తమ నివేదికను గ్రామ ఛైర్మన్ గారు చర్చి ముందు అందరికీ చదివి వినిపించినారు. "ఆడపక్షి గొంతు బలంగా ఉంది. మగపక్షి ముసలిది, రోగిష్టిది, బతకడం అనుమానం" అని అందులో ఉన్నది. నాకింకా ఒక్క పన్ను కూడా ఊడలేదని మనవి.

4. దారి మూయుటచే ఇరువురమూ బురద గట్టు మీదుగా పోవలసి వచ్చినది. అక్కడ దూరుటకు చాటు లేదు. కూత వేయుదమన్న "నిశ్శబ్దం" అని తమ బోర్డే. మంగళవారం ఎదురుపడనే పడినాము. ఆమె కట్టుకున్న బట్టలతో బురదలోకి దూకినది. నేను బుట్టను నెత్తిన బోర్లించుకొంటిని, కాఫీ పండ్లన్నీ నేలపాలు. ఈ అర్జీలో అక్షరాలు వంకరపోవుటకు ఆ వణుకే కారణమని గమనించ ప్రార్థన.

5. ఆ సాయంత్రం అత్తగారు మా గోడ అవతల నిలబడి నా భార్య నబ్బోసాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"ఒసేయ్, మీ ఆయనతో చెప్పు. ఇంకొక్కసారి ఆ మొహం నా కళ్ళబడిందో, నిన్ను తీసుకుపోతా!"

"మధ్యలో నేనేం చేశానే అమ్మా? ఆ పక్షులోళ్ళకి చెప్పు!"

"చెప్పానే! ఆ కూత నాదేనమ్మా అని అరిచి మరీ చూపించాను. ఆ ఆఫీసు పిల్ల, 'అబ్బ, అచ్చం పక్షిలా అరిచావు పెద్దమ్మా!' అని చప్పట్లు కొట్టింది!"

నబ్బోసా అప్పుడే మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకున్నది. అయ్యా, ఆమె లేకుండా నేను బతకలేను. కావలిస్తే ఇది కూడా నివేదికలో రాసుకోండి.

కావున దారి తెరిపించి, పెట్టెను నిజమైన పక్షులున్న చోటికి మార్పించి, నా కాపురం నిలబెట్టవలెనని ఈ మనిషి మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇరినేయో ముసిసి
(పళ్ళన్నీ ఉన్నవాడు)

తా.క.: అర్జీ పట్టుకుని మీ ఆఫీసుకే బయలుదేరానండీ. మగపక్షిని బయటికి రప్పించాలని మీవాళ్ళు ఆడపక్షి కూతని స్పీకర్లలో పెట్టారట. నాలుగు వైపులా మా అత్తగారే! అరటి చెట్ల మధ్య బోర్లా పడుకుని ఇది రాస్తున్నాను. ఏది స్పీకరో, ఏది అత్తగారో తెలిసి చావట్లేదు. ఇప్పుడే నా వెనకాల కూత వినపడింది, దాని వెంటనే ఒక తుమ్ము. స్పీకరు తుమ్ముతుందాండీ? కాస్త త్వరగా చెప్పండి.