చాయ్ తాగి తెచ్చుకున్న జ్వరం

కమలా,

నీ కూతురు సుగుణ శామీర్‌పేట నుంచి మేడ్చల్ మిషన్ ఆసుపత్రికి వెళ్ళి నేర్చుకుని, ఇంటి నర్సింగు సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఇక నర్సుల బడికి పంపమంటోంది. కాగితం మీద ముద్ర బాగానే ఉంది. కానీ ముద్ర ఎవరైనా వేస్తారు. నీకు పురుడు పోసిన మంత్రసానికీ మంచి పేరే ఉండేది.

అందుకే నిన్న వేడి చాయ్ తాగి, దుప్పటి కప్పుకుని, జ్వరమని మూలిగాను. సుగుణ ముందు సబ్బుతో చేతులు కడుక్కుంది. నాకు చూపించడానికే అనుకున్నాను. థర్మామీటరు నోట్లో పెట్టి చూసింది. తర్వాత నుదుటి మీద చెయ్యి వేసింది.

“నోట్లె మస్తు జొరముంది, నొసలేమో సల్లగుంది. చాయ్ తాగినవా అవ్వా?”

“నీకెందుకే? మందియ్యి.”

“ఇయ్య. జరసేపాగి మళ్ల సూస్త.”

అన్నట్టే మళ్ళీ చూసింది, ఈసారి జ్వరం చూపలేదు. మందు ఇవ్వలేదు.

బాలింతవై నీ ఒళ్ళు కాలిపోతుంటే, మంత్రసాని గుమ్మంలోంచే పాలజ్వరమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ వచ్చేసరికి నువ్వు లేవు.

సుగుణను పంపుతున్నాను. రేపు రైల్లో నేనూ వెళ్తాను. ఆ బడిలో నేర్పేవాళ్ళు చేతులు కడుక్కుంటారో లేదో చూడాలి.

మీ అమ్మ